వచ్చి పోయే టిక్ టిక్: స్పానర్ పట్టే ముందు

ఇంజన్ టిక్ టిక్ మంటోందని బండి తెచ్చినవాడికి షెడ్డు గేటు దగ్గరే పరువు పోతుంది. బండి లోపలికి రాగానే శబ్దం ఆగిపోతుంది. "అన్నా, సెంటర్ దాకా వచ్చిందన్నా, ఒట్టు" అంటాడు. మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ ఇచ్చి, ఏమీ వినపడకపోయినా "టాపెట్లు సెట్ చేద్దాం" అంటాడు. అనవసరపు ఖర్చు ఆ మాటతోనే మొదలవుతుంది.

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ముగించి షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్యాబ్ మీద బతికేవాళ్లు చదివినా నష్టం లేదు, బిల్లు కట్టేది వాళ్లే కదా. వచ్చి పోయే శబ్దాన్ని పట్టాలంటే అది ఎక్కడ వస్తోందో వెతకడం తర్వాతి పని. ముందు ఎప్పుడు వస్తోందో తేల్చాలి. ఆ సమయాన్ని మళ్లీ తెప్పించగలిగితే సగం పని అయినట్టే. తెప్పించలేకపోతే ఏ పార్టు మార్చినా గుడ్డి బేరమే.

అందుకే మొదట కస్టమర్‌ను కూర్చోబెట్టి అడగండి. పొద్దున మొదటి స్టార్ట్‌లో వస్తోందా, హైవే మీద గంట నడిచాక వస్తోందా? ఏసీ వేసినప్పుడేనా? వాన పడ్డ రోజునా? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా? ఆయిల్ ఎప్పుడు, ఎక్కడ, ఏ గ్రేడు పోయించారు? బండి సీఎన్‌జీ మీద నడుస్తుందా? ఈ జవాబులు జాబ్ కార్డు మీద రాయండి, నోటితో వదిలేయొద్దు. మళ్లీ శబ్దం వచ్చినప్పుడు బండి పక్కకు ఆపి, ఆర్‌పీఎం మీటర్ కనపడేలా ఫోన్‌లో వీడియో తీయమనండి. పొద్దున్నే వచ్చే శబ్దమైతే బండిని రాత్రి షెడ్డులోనే వదిలి వెళ్లమనడం మంచిది. ఇంటి దగ్గర నుంచి నడిపి తెస్తే ఇంజన్ వేడెక్కి ఉంటుంది, వినాల్సిన ఆ మొదటి నిమిషం దారిలోనే పోతుంది. పొద్దున బానెట్ ఎత్తి మీరు ఇంజన్ పక్కన నిలబడ్డాకే రెండోవాడు తాళం తిప్పాలి.

అసలు శబ్దం ఇంజన్‌దేనా? ఇది చిన్న ప్రశ్నే కానీ చాలామంది దాటేస్తారు. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేస్ ఇవ్వండి. శబ్దం రాకుండా, బండి కదిలితేనే వస్తుంటే టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయి, వదులైన వీల్ కవర్, బ్రేక్ ప్యాడ్ క్లిప్ చూడండి. మలుపులోనే వస్తే యాక్సిల్ జాయింట్. ఇంజన్ ఆపాక కాసేపు టిక్ టిక్ మంటే సైలెన్సర్ గొట్టం, దాని రేకు చల్లారుతున్నాయంతే, దానికి మందు లేదు, అవసరమూ లేదు.

ఇంజన్‌దే అని తేలితే లెక్కపెట్టండి. ఇది చెవి కంటే నమ్మకమైన పద్ధతి. ఐడ్లింగ్ 800 ఆర్‌పీఎం అనుకుందాం. క్రాంక్ సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో కామ్ షాఫ్ట్ అందులో సగం వేగంతో, అంటే ఆరేడు సార్లు తిరుగుతుంది. ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి, వేగం తగ్గించి వినండి. 66 దగ్గర వస్తే అది రెండు తిరుగుళ్లకు ఒకసారి జరిగే పని: ఒక వాల్వు, ఒక ఇంజెక్టర్, ఒక సిలిండర్ నుంచి ఎగ్జాస్ట్ లీక్. 133 దగ్గర వస్తే క్రాంక్‌తో పాటు తిరిగేవాటిని అనుమానించండి: పుల్లీ, ఫ్లైవీల్ బోల్టులు, కింది బేరింగులు. రెండింటికీ కుదరక, క్రాంక్ కంటే నెమ్మదిగా వస్తూ రేస్‌తో పాటు పెరుగుతుంటే బెల్టు అంచు చీలి ఎక్కడో తగులుతోందేమో చూడండి. బెల్టు పొడవు క్రాంక్ పుల్లీ చుట్టుకొలత కంటే ఎక్కువ కాబట్టి, దాని మీది ఒక చోటు ఒక తిరుగుడులో తిరిగి అక్కడికే రాలేదు.

రేస్ ఇచ్చినా వేగం మారని టిక్ ఒకటుంది. దానితో జాగ్రత్త. పెట్రోల్ బళ్లలో ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వు కరెంటుతో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక ఈసీయూ తనకు నచ్చినప్పుడు దాన్ని ఆడిస్తుంది, నచ్చినప్పుడు ఆపేస్తుంది. వచ్చి పోయే శబ్దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. చెయ్యి పెడితే వేలికి తగులుతుంది. కనెక్టర్ ఒక్క క్షణం పీకితే శబ్దం ఆగుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్‌తో చెరిపేయొచ్చు. ఇంతమాత్రం చూడకుండా వాల్వు కవర్ విప్పడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే, అదీ ఆ ఎలుక ఆరోగ్యంగా ఉన్న ఎలుక. డ్యాష్‌బోర్డు వెనక నుంచి తాళం తిప్పగానే కొన్ని సెకన్లు టకటకమంటే ఏసీ గాలిని మళ్లించే చిన్న మోటారు పళ్లు విరిగి ఉండొచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్లలో హై ప్రెషర్ పంపు టిక్ టిక్ మనడం సహజం, అదే మోడల్ ఇంకో బండి పక్కన పెట్టి పోల్చుకోండి.

ఇక ఆయిల్. బండి సమానంగా ఉన్న నేల మీద ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు లీటరు. ఆయిల్ తక్కువైతే మలుపులో, సడన్ బ్రేకులో పంపు గాలి పీలుస్తుంది, టాపెట్లు అప్పుడే అరుస్తాయి. ఎక్కువ పోసినా అంతే. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌తో ప్రెషర్ నిలబడదు. పొద్దున స్టార్ట్ కాగానే ఒకటి రెండు సెకన్లు వచ్చి పోయే టకటకకు చవకరకం ఫిల్టర్ కారణం కావచ్చు. ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా చాలా ఫిల్టర్లలో ఒక రబ్బరు వాల్వు ఉంటుంది, అది గట్టిపడితే రాత్రంతా ఆయిల్ దిగిపోయి పొద్దున్నే పై భాగం పొడిగా ఉంటుంది. శబ్దం తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోసే అలవాటు మన షెడ్లలో బాగా ఉంది. నాకు అది నచ్చదు. 5డబ్ల్యూ-30 రాసి ఉన్న ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే శబ్దం దాక్కుంటుందేమో కానీ, చల్లటి స్టార్ట్‌లో ఆయిల్ పైకి చేరడం ఇంకా ఆలస్యమవుతుంది. బిల్లులో కలిపే ఇంజన్ ఫ్లష్ డబ్బాల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు.

టాపెట్ల మాటకు వస్తే, ఏ ఇంజన్‌లో ఏ రకం ఉందో తెలియకుండా ఫీలర్ గేజ్ తీయొద్దు. మారుతి 800లో రాకర్ స్క్రూ తిప్పి గ్యాప్ పెట్టేవాళ్లం. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా బళ్లలో తిరిగిన 1.3 మల్టీజెట్ డీజిల్‌లో హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి, అక్కడ సెట్ చేయడానికి ఏమీ లేదు. కొన్నింటిలో స్క్రూ ఉండదు, మందం తేడా ఉన్న టాపెట్ లేదా షిమ్ వేయాలి. హైడ్రాలిక్ టాపెట్ రాత్రి ఆయిల్ వదిలేస్తే స్టార్ట్ చేయగానే కాసేపు కొట్టుకుని, నిండాక ఆగిపోతుంది. ఆ కాసేపు రోజురోజుకీ పెరుగుతుంటేనే ఆలోచించాలి, అప్పుడైనా మొదటి వైద్యం సరైన గ్రేడు ఆయిల్, మంచి ఫిల్టరే.

సీఎన్‌జీ బళ్లలో సంగతి తలకిందులు. గ్యాస్ పొడి ఇంధనం. వాల్వు సీటు మెల్లగా అరిగి వాల్వు పైకి జరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే శబ్దం తగ్గుతుంది! బండి మునుపటికంటే నిశ్శబ్దంగా ఉందని డ్రైవర్ సంతోషపడుతుంటే, పూర్తిగా మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతూ ఉంటుంది. చిన్న టిక్ వినపడే టాపెట్ కంటే అసలు వినపడని టాపెట్‌కే నేను ఎక్కువ భయపడతాను. స్క్రూ, షిమ్ రకం ఇంజన్ గ్యాస్ మీద తిరుగుతుంటే మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు గ్యాప్ కొలవాల్సిందే, శబ్దం కోసం ఎదురుచూడకూడదు.

టాపెట్ అనుకుని మోసపోయే శబ్దాల్లో మొదటిది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీక్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మంటుంది, లోడు పడితే పెరుగుతుంది, ఐదారు కిలోమీటర్లు నడిచాక మాయమవుతుంది. కారణం లోహాల్లో ఉంది. అల్యూమినియం హెడ్ వేడికి సాగినంత పోత ఇనుప మానిఫోల్డ్ సాగదు, తేడా దాదాపు రెండింతలు. ఏళ్ల తరబడి ఆ గుంజుకోలులో చివరి స్టడ్లు వదులవుతాయి, కొన్నిసార్లు విరుగుతాయి. వేడెక్కి లోహం బిగుసుకుంటే సందు మూసుకుపోతుంది, శబ్దమూ పోతుంది. గ్యాస్కెట్ అంచున నల్లటి మసి గీత వెతకండి. చల్లటి ఇంజన్ మీద సబ్బు నీళ్లు చల్లి స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లో లీక్ ఉన్నచోట బుడగలు కనపడతాయి. సైలెన్సర్ మూతికి మందపాటి గుడ్డ రెండు సెకన్లు అడ్డం పెట్టించి, లీక్ గట్టిగా వస్తోందేమో వినండి. మూసిన షెడ్డులో మాత్రం ఈ పని చేయొద్దు, ఆ లీక్‌లో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వానాకాలంలోనే వచ్చే టిక్, దానితోపాటు చిన్న మిస్సింగ్ ఉంటే కాయిల్ లేదా ప్లగ్ వైరు నుంచి కరెంటు దూకుతోందేమో చూడండి. చీకట్లో బానెట్ ఎత్తితే నీలి మెరుపు కనపడుతుంది. వేల వోల్టులది, చేతితో వెతకొద్దు.

శబ్దం ఉన్న చోటు తెలుసుకోవడానికి స్టెతస్కోప్ కొనండి, పెద్ద ఖరీదేమీ కాదు. అది లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించి, మొనను వాల్వు కవర్‌కు, ఇంజెక్టర్‌కు, సంప్‌కు ఒక్కొక్కటిగా తాకించండి. ఎగ్జాస్ట్ లీక్ వినడానికి ఒట్టి రబ్బరు గొట్టం చాలు. వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు బెల్టు దగ్గరికి రానివ్వొద్దు. ఇంజన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు.

ఒక శబ్దం విషయంలో మాత్రం ఈ ఓపిక అంతా పక్కన పెట్టాలి. టిక్ కాస్తా బరువైన టక్ అయి, కింద సంప్ దగ్గర వినపడుతూ, వేడెక్కాక పెరుగుతుంటే బిగ్ ఎండ్ బేరింగ్‌ను అనుమానించండి. పెట్రోల్ బండిలో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూడండి. ఆ సిలిండర్ ఆపినప్పుడు శబ్దం బాగా తగ్గితే దోషం పిస్టన్, రాడ్ వైపే, టాపెట్ శబ్దం అలా తగ్గదు. కామన్ రైల్ డీజిల్‌లో మాత్రం పైపు వదులు చేసి చూసే పాత అలవాటు మానుకోండి, వెయ్యి బార్లు దాటే ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ మెకానికల్ గేజ్ పెట్టి, వేడి ఇంజన్ మీద వచ్చిన అంకెను మాన్యువల్‌తో పోల్చండి. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే అది మట్టం చెప్పే లైటు కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైటు. ఆ బండిని షెడ్డు దాకా నడిపి తెమ్మనకండి, టో చేయించమనండి.

దొరికినట్టు అనిపించినప్పుడు ఒక్కసారి ఒక్కటే మార్చండి. ఫిల్టర్, ప్లగ్గులు, గ్యాస్కెట్ కలిపి మారిస్తే శబ్దం పోయినా దేని వల్ల పోయిందో మీకు తెలియదు, రేపు అలాంటి బండే వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు.

రెండు రోజులు చూసినా శబ్దం రాకపోతే కార్డు మీద "శబ్దం రాలేదు, ఆయిల్ మట్టం, ప్రెషర్, మానిఫోల్డ్ చూశాం, ఏ పార్టూ మార్చలేదు" అని రాసి బండి ఇచ్చేయండి. చూసినందుకు కూలి ఎంతో బండి తీసుకున్న రోజే చెప్పి, మొహమాటపడకుండా తీసుకోండి. ఆ కూలి అడగలేకనే చాలామంది అక్కర్లేని పార్టు బిగించి దాని మీద లాభం చూసుకుంటున్నారు.