వ్యాయామశాల: క్రొత్తవారి చేష్టలు, వాని కారణములు

మన పెద్దలకు వ్యాయామమనిన సాముగరిడీయే. ఊరిచివర నొక పాకలో ఎఱ్ఱమన్ను పోసిన గోదా యుండెడిది. క్రొత్తగా వచ్చిన పిల్లవాడు కొన్ని దినములు మన్ను త్రవ్వి, నీళ్లు చల్లి, దండీలు బస్కీలు తీసిన పిమ్మటగాని గురువు వానిని గద తాకనిచ్చెడివాడు కాడు. నేడు పట్టణములందే కాక పెద్ద గ్రామములందును జిమ్ములు వెలసినవి. నెల రుసుము చెల్లించిన మరుక్షణముననే శాలయందలి యినుమంతయు క్రొత్తవాని చేతికందును. వడ్రంగి తన శిష్యునికి మొదటినాడే బాడిసె నీయడు. ఇచ్చట మాత్రము తొలిదినముననే పనిముట్లన్నియు శిష్యునివే. ఇందువలన పుట్టు వింతలను మన బాలురు చూచివచ్చి, తరగతిలో అభినయించి నవ్వుకొనుచుందురు. నవ్వుటలో తప్పులేదు. కాని శరీరశాస్త్రమును, భౌతికశాస్త్రమును చదువుచున్న విద్యార్థి దేనినైన చూచి నవ్విన పిమ్మట, ఇట్లేల జరిగెనని యడుగవలెను. అదియును గాక, ఆ చేష్టలలో కొన్నిటిని చూచి నవ్వవచ్చును. కొన్నిటిని చూచినప్పుడు నవ్వక పరుగెత్తిపోయి యడ్డుకొనవలెను. ఏవి యేవో తెలియకున్న ప్రమాదము.

క్రొత్తవాడు మొదట చేరునది అద్దము నొద్దకు. వాని దృష్టిలో మనుష్యశరీరమునకు రొమ్ము, జబ్బలు తప్ప వేఱవయవములు లేవు. అద్దములో చక్కగా కనబడవు గనుక కాళ్ల మాట తలపెట్టడు. ఆఱు మాసములకు పైభాగము పహిల్వానుగను, క్రిందిభాగము కొంగగను తయారగును. డంబెలు నెత్తునప్పుడు పైచేయి కదలక, మోచేయి మాత్రము మడవవలెను. వాడో, పొరుగువాడెత్తిన డంబెలునే తానును తీసికొని, నడుమును వెనుకకు విఱిచి, ఊగి, దానిని భుజమునకు విసరుకొనును. నడుము ఊపుచే పుట్టిన వేగమే డంబెలును సగము దూరము మోసికొనిపోవుచున్నది గావున చేతికండకు మిగిలిన పని స్వల్పము. మరునాడు నడుము నొచ్చుచుండగా, చేతులకు వ్యాయామము చేసితినే, ఇదేమని యాశ్చర్యపడును.

వారము తిరుగకముందే టేపుతో జబ్బ కొలుచుకొనుట మఱియొక వింత. తొలి వారములలో బలము హెచ్చుట నిజమే. కాని యది ముఖ్యముగా కండ లావగుటచేత గాదు. కండలోని తంతువులను ఎక్కువ సంఖ్యలో, ఒక్కుమ్మడిగా పనికి పిలుచుట మెదడును నాడులును నేర్చుకొనుటచేత. సైకిలు నేర్చుకొనువాడు పది దినములలో చక్కగ త్రొక్కుట కాళ్లు లావెక్కి గాదు గదా! కండ కంటికి కనబడునట్లు పెరుగుటకు తఱచుగా రెండు మూడు మాసములు పట్టును. ఈ సంగతి నెఱుగక, నెలదినములకే టేపును, జిమ్మును ఒక్కసారిగా విడిచిపెట్టినవారు పలువురు.

బలవంతుని చూచునప్పుడు మనము ప్రదర్శనమునే చూతుము. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, ఇనుప గొలుసులు త్రెంచుట నేటికిని చెప్పుకొందురు. ఆయన విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిన సంగతి చెప్పువారు తక్కువ.

ఇక మూడవనాటి సంగతి. దీనిని కొంత విపులముగ వ్రాయవలసియున్నది. ఏలయన, నేను గమనించినంతవరకు, వ్యాయామము మానివేసిన బాలురలో అధికులు ఈ మూడవనాడే మానిరి. సోమవారమున నూఱు బస్కీలు తీసినవాడు మంగళవారమున కొంచెము మూలుగును. బుధవారమున మేడమెట్లు దిగలేక, కటకటాలు పట్టుకొని, ఎండ్రకాయవలె ప్రక్కకు దిగును. దండీలు తీసినవాడు తల దువ్వుకొనలేడు. జవాబు తెలిసియు తరగతిలో చేయి యెత్తలేడు. తోడివారు నవ్వుదురు. వాడు తనకేదో చెడిపోయినదనియో, తన శరీరము వ్యాయామమునకు తగినది కాదనియో తలంచి ఇంట కూర్చుండును. ఈ నొప్పికి లాక్టికామ్లము కండలో నిలిచిపోవుటయే కారణమని అనేకులు నేటికిని చెప్పుదురు. అది సరికాదు. ఆ యామ్లము వ్యాయామము ముగిసిన యించుమించు గంటలోపల రక్తమునుండి తొలగిపోవును. నొప్పియో, ఒకటి మొదలు మూడు దినములలో నధికమగును. అలవాటులేని పనిచే కండతంతువులలో కలుగు సూక్ష్మమైన దెబ్బలును, వానిని బాగుచేయుటకై కలుగు వాపును దీనికి కారణములు. కండ సాగుచు బరువును మోయునప్పుడు, అనగా బస్కీలో క్రిందికి దిగునప్పుడు, ఈ దెబ్బ యెక్కువ. కొండ యెక్కినవానికంటె దిగినవానికి తొడలు ఎక్కువ నొచ్చుట యిందుచేతనే. చిత్రమేమనగా, ఒకసారి యిట్లు నొచ్చిన కండ కొన్ని దినముల తరువాత అదే పని చేసినచో చాల తక్కువ నొచ్చును. మూడవనాడు మానినవాడు ఆ లాభమును పొందకయే మానుచున్నాడు. కావున మొదటి వారమున నూఱు గాక పదియో పదునైదో చాలును. అయితే నొప్పి మితిమీఱి, కండలు ఉబ్బి, మూత్రము డికాక్షను రంగున వచ్చినచో అది హాస్యము గాదు. చితికిన కండలనుండి వెలువడిన పదార్థము మూత్రపిండములను చెఱచును. ఇంటిలో చెప్ప సిగ్గుపడక ఆనాడే వైద్యునియొద్దకు పోవలెను.

బరువుల లెక్కయందును క్రొత్తవారు తప్పుదురు. పోటీలలో పురుషులు వాడు పొడవైన ఇనుపకడ్డీయే 20 కిలోలు తూగును. బిళ్లలను మాత్రము లెక్కించువాడు ఆ యిరువదింటిని మఱచి, ఇది యేల కదలదని తెల్లబోవును. బిళ్లలను దించునపుడు మఱియొక చోద్యము. ఒక ప్రక్కవానినన్నిటిని ముందు తీసివేయును. వెంటనే కడ్డీ రెండవ ప్రక్కకు తిరుగబడి గణగణధ్వనితో నేలకూలును. శాలయంతయు నవ్వును. పదవతరగతి బాలుడు దీనిని గణితముచే చూపగలడు. కడ్డీని మోయు రెండు కంబములును మధ్యనుండి ఇరువైపుల 40 సెంటీమీటర్ల దూరమున నున్నవనుకొనుడు. ఒక కంబమును ఆధారబిందువుగా గ్రహించినచో, కడ్డీ బరువు 20 కిలోలు మధ్యనుండి లోపలికి లాగును. 20ని 40చే గుణింప 800. ఎదుటి ప్రక్కను మిగిలిన బిళ్లలు మధ్యనుండి 70, అనగా కంబమునకు 30 సెంటీమీటర్ల వెలుపల నున్నవి. అవి 40 కిలోలైనచో 1200. ఎనిమిదివందలు పండ్రెండువందలను ఆపజాలదు; 20 కిలోల బిళ్ల యొక్కటియే యైనచో 600 గనుక ఆగియుండును. ఇరువైపుల నొక్కొక్క బిళ్లను మార్చి మార్చి తీయవలెననుటకు కారణమిదియే. గరిమనాభి పాఠము పుస్తకములో కంటె నిచ్చట త్వరగా నెక్కును, చప్పుడుతో గూడ!

ట్రెడ్మిల్లుపై సెల్‌ఫోను చూచుచు నడచువారిని గూర్చి వ్రాయ నక్కఱలేదు. దానినుండి దిగినవాడు కొంతసేపు నేలయే తన్ను ముందుకు తోయుచున్నట్లు తడబడుట మాత్రము వాని తప్పు కాదు. కాళ్లు కదలినను కన్నులకు గోడ కదలకుండుటకు అలవాటుపడిన మెదడు మరల సర్దుకొనుటకు కొంచెము కాలము పట్టును.

ఇక నవ్వరానివి. బరువు నెత్తునప్పుడు ముఖమెఱ్ఱవాఱి, మెడనరములుబ్బి, ఊపిరి బిగబట్టినవానిని చూచి బాలురు నవ్వుదురు. సాధారణముగ మన రక్తపుపోటు 120/80 ప్రాంతమున నుండును. 1985లో ప్రచురింపబడిన కెనడాదేశపు పరిశోధన యొకదానిలో, అనుభవముగల బలిష్ఠులు శక్తికొలది రెండుకాళ్లతో బరువు నెట్టుచుండగా ధమనిలోనే కొలిచిరి. సగటున 320/250 వఱకు పెరిగెను. ఊపిరి బిగబట్టుట యిట్టి పెరుగుదలకు ముఖ్యకారణములలో నొకటి. ఆరోగ్యవంతుని విషయమున అది క్షణములో దిగును. కాని కొందఱు కన్నులు తిరిగి పడుదురు. ఎత్తునప్పుడు ఊపిరి విడుచుట, దించునప్పుడు పీల్చుట క్రొత్తవాడు మొదట నేర్వవలసినది.

మోయలేని బరువును వదలుట సిగ్గని తలంచుట మఱియొకటి. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో మన శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరిగారు 110, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచిరి. ఒలింపిక్కులలో పతకము పొందిన తొలి భారతీయ వనిత ఆమెయే. ఆమె చివరిసారి 137.5 కిలోలకు యత్నించి నిలుపలేకపోయిరి. నిలువబడి ఎత్తువాడు కడ్డీని ముందుకు వదలి వెనుకకు తొలగవచ్చును. బల్లపై వెల్లకిల పరుండి ఎత్తువానికి ఆ వీలులేదు. చేతులలసినచో కడ్డీ రొమ్ముపైననో కంఠముపైననో నిలుచును. పిలుచుటకు నోరు రాదు. కేక వేయుటకు సిగ్గుపడుటవలన ప్రాణములమీదికి వచ్చును.

అందుచే ఒంటరిగా ఈ యభ్యాసము చేయరాదు. తోడున్నవాడు తలవైపున, కడ్డీకి దగ్గరగా, కాళ్లు ఎడముగా పెట్టి నిలువవలెను. ఎన్నిమారులెత్తునో ముందుగనే యడిగి తెలిసికొనవలెను. కడ్డీ పైకి కదలుచున్నంతసేపు తాకరాదు. అది ఆగినను, క్రిందికి జాఱినను, పిలుపుకొఱకు కాచియుండక రెండు చేతులతో కడ్డీని నడుమ పట్టుకొని, కంబములపై చేర్చువఱకు వదలరాదు.