కాలేయ క్యాన్సర్‌కు కొత్త రక్తపరీక్ష: దాతలు తెలుసుకోవలసిన లెక్క

కాలేయం నోరులేని అవయవం. జబ్బు ముదిరేదాకా బాధ తెలియనివ్వదు. ఆకలి చచ్చిపోయి, కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి క్యాన్సర్ గడ్డ పెద్దదై ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడే కనిపెడితే చాలామందికి ఆపరేషన్‌తో తీసివేయవచ్చు. అందుకే మన దాతల్లో కొందరు, "ఒక్క రక్తపరీక్షతో కాలేయ క్యాన్సర్ ముందే తెలుస్తుందట కదా, మన వైద్య శిబిరంలో అందరికీ చేయించకూడదా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. మంచి మనసుతో అడిగిన ప్రశ్న ఇది. జవాబు చెప్పేముందు ఆ పరీక్ష సంగతి చూద్దాం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటి?

మన కణంలోని డీఎన్‌ఏ ఒక పెద్ద గ్రంథం అనుకుంటే, అందులో కావలసిన పేజీకి తీసిన నకలే ఆర్‌ఎన్‌ఏ. ఏ నకలు ఎంతవరకు పనిచేయాలో అదుపు చేసే చిన్న తునకలు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవే ఉంటుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో వీటి పనిని కనిపెట్టారు. అందుకు 2024లో వారికి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కాలేయంలో 122వ నంబరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ మిగతా అన్నిటికన్నా ఎక్కువ. కణాలు దెబ్బతిన్నా, క్యాన్సర్‌గా మారినా వీటి పాళ్లు మారతాయి. ఆ మార్పు రక్తంలోనూ కనబడుతుంది. మామూలు ఆర్‌ఎన్‌ఏ రక్తంలో త్వరగా ముక్కలైపోతుంది. ఇవి మాత్రం ప్రోటీన్లను అంటిపెట్టుకుని, లేదా సన్నని కొవ్వు పొర సంచుల్లో ఉండి నిలుస్తాయి. అందువల్లే కొలవగలుగుతున్నారు.

షాంఘైలో ఏం తేలింది?

చైనాలో హెపటైటిస్ బి వల్ల వచ్చే కాలేయ క్యాన్సర్ ఎక్కువ. షాంఘైలోని ఝోంగ్‌షాన్ ఆసుపత్రి వైద్యులు 934 మంది రక్తాన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఆరోగ్యవంతులు, హెపటైటిస్ బి ఉన్నవారు, సిర్రోసిస్ ఉన్నవారు, క్యాన్సర్ రోగులు ఉన్నారు. ఏడు రకాల మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కలిపి చూస్తే, క్యాన్సర్ ఉన్న 100 మందిలో దాదాపు 82 మందిని గుర్తించగలిగారు. క్యాన్సర్ లేని 100 మందిలో 16, 17 మందికి మాత్రం ఉన్నట్టు తప్పుగా చూపింది.

బోర్డు మీద లెక్క

మన శిబిరానికి 1000 మంది వచ్చారనీ, వారిలో 5 మందికి క్యాన్సర్ ఉందనీ అనుకుందాం. పరీక్ష ఆ ఐదుగురిలో 4 మందిని పట్టుకుంటుంది. మిగతా 995 మందిలో సుమారు 164 మందికి లేని జబ్బు ఉందని చెబుతుంది. అంటే భయపడి ఇంటికి వెళ్లే 168 మందిలో నిజంగా రోగులు నలుగురే. మిగిలినవారు అప్పు చేసి స్కానింగుల చుట్టూ తిరుగుతారు. తప్పిపోయిన ఆ ఐదో వ్యక్తి తనకేమీ లేదని ధీమాగా ఉండిపోతాడు.

పరీక్ష చెడ్డదని కాదు, అందరికీ చేయడం సరికాదని మా మాట. హెపటైటిస్ బి, సిర్రోసిస్ ఉన్నవారికి డాక్టర్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించమంటారు. దానితోపాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష కూడా చేస్తారు. తొలిదశ రోగుల్లో చాలామందికి ఏఎఫ్‌పీ మామూలుగానే వస్తుంది. ఆ లోటును మైక్రో ఆర్‌ఎన్‌ఏ పూడ్చవచ్చని పరిశోధకుల ఆశ. స్కానింగ్ స్థానాన్ని అది ఇంకా తీసుకోలేదు.

మన డబ్బు ఎక్కడ పెట్టాలి?

మొదట, హెపటైటిస్ బి ఉందో లేదో తెలిపే చవకైన రక్తపరీక్షకు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితమే. మనం చేయవలసింది జనాన్ని అక్కడిదాకా చేర్చడం. రెండు, జబ్బు బయటపడినవారికి ఆరు నెలలకోసారి స్కానింగ్ ఖర్చు, దారి ఖర్చు, ఆ రోజు పోయిన కూలి. మూడు, పుట్టిన 24 గంటల్లోపే బిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయించాలని ప్రతి గర్భిణికీ చెప్పడం. తైవాన్‌లో 1984లో ఈ టీకా మొదలుపెట్టాక, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ పదేళ్లలో దాదాపు సగానికి తగ్గింది.

మీరిచ్చే ప్రతి రూపాయీ మా చేతిలో అమానత్. ఎవరికి అవసరమో లెక్కచూసి ఖర్చు పెట్టడమే ఆ అమానత్‌కు న్యాయం.