ధ్వనిని సవరించు ప్రోగ్రాము నడుమ ఆగిపోయినచో నేమి చేయవలెను?

మన పాఠశాలలో చిరకాలము తెలుగు బోధించి విశ్రాంతి గైకొనిన పండితులవారు, విద్యార్థుల కోరిక మన్నించి, గడచిన వేసవి సెలవులకు ముందొకనాడు వచ్చి ఒక గంట పండ్రెండు నిమిషములసేపు పద్యములు చదివి వాని భావములు చెప్పిరి. మేము దానిని రికార్డుచేసి కంప్యూటరులో నుంచుకొంటిమి. తరువాత కొన్నివారములకే వారికి జబ్బుచేసి కంఠము పోయెను. కావున ఆ యొక్క రికార్డు తప్ప వారి గొంతు మఱియెక్కడను లేదు.

అందులో పంఖా చప్పుడును, వీధిబండ్ల మోతయు కలిసియుండెను. వానిని తొలగించి వార్షికోత్సవమునాడు సభలో వినిపింపవలెనని తొమ్మిదవ తరగతి విద్యార్థులతో కలిసి పనికి పూనుకొంటిమి. రెండు సాయంకాలములు పని చక్కగా సాగెను. మూడవనాడు ప్రోగ్రాము ఉన్నట్టుండి తనంతట తానే మూసికొనిపోయెను. తెఱచితిమి, మరల మూసికొనెను. మఱియొకమాఱు తెఱువగా, “పూర్తికాని పని యొకటి యున్నది. దానిని మరల తెత్తునా, విడిచిపెట్టుదునా?” యని యడిగెను. మేము తొందరలో ఆ ప్రశ్న చదువనైన చదువక విడిచిపెట్టుమను మీట నొక్కితిమి. రెండు సాయంకాలముల శ్రమ ఒక్క క్షణములో పోయెను. అదృష్టవశమున ఒక విద్యార్థిని మొదటి రికార్డును ముందుగానే వేఱొక పెన్‌డ్రైవులో నకలు చేసి దాచియుంచినది. ఆ చిన్న పనియే మమ్ము కాపాడెను.

ఇట్టి చిక్కు ఎవరికైనను రావచ్చును గనుక, దాని కారణములను మేము వెదకిన క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట ధ్వని కంప్యూటరులో నెట్లు నిలుచునో తెలిసికొనవలెను. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనముల వఱకు వినగలదు. ధ్వనిని చెడకుండ పట్టవలెనన్న, అందలి అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపుకంటె నెక్కువమాఱులు దానిని కొలువవలెను. అందుచేత సామాన్యముగా సెకనుకు 44,100 మాఱులు కొలిచి ఆ యంకెలను వ్రాసికొందురు. సవరించునప్పుడు మా ప్రోగ్రాము ఒక్కొక్క కొలతకు 4 బైట్ల చోటు తీసికొనును. కుడి యెడమలకు వేఱువేఱుగా రెండు వరుసలు. కాగా సెకనుకు 3,52,800 బైట్లు. డెబ్బది రెండు నిమిషములకు సుమారు 152 కోట్ల బైట్లు! ఇంతేకాదు. రికార్డు మొత్తముమీద ఒక మార్పు చేసినయెడల, ఆ మార్పు వద్దనుకొన్న వెనుకకు పోవుటకై ప్రోగ్రాము పాతదానిని దాచి, క్రొత్తది మరల వ్రాయును. అనగా మఱియొక 152 కోట్లు.

ఈ లెక్క వేసి చూడగా, మా డిస్కులో మిగిలిన చోటు 300 కోట్ల బైట్లైనను లేదు. పాత్రలో పట్టినంత నీరే పట్టును గదా! ఆటలపోటీల వీడియోలను వేఱొక డిస్కునకు మార్చి చోటు కల్పించితిమి. పని ముందుకు సాగెను. వ్యాధి కుదిరినదని సంతోషించితిమి.

కాని చప్పుడు తొలగింపబోవగా ప్రోగ్రాము మరల ఆగెను. అప్పుడు ఒక విద్యార్థి, “అయ్యా, రికార్డే చెడిపోయినదేమో!” యని భయపడెను. ఆ భయము నిజమో కాదో తెలియుటకు ఒక నిమిషముపాటు మేమే మాటలాడి క్రొత్త రికార్డు చేసి, దానిమీద అదే పని చేసితిమి. అక్కడను ఆగెను. కావున పండితులవారి రికార్డునందు దోషము లేదని తేలెను. మా మనస్సులు కుదుటపడెను.

తరువాత, ప్రోగ్రామునకు బయటినుండి తెచ్చి తగిలించిన ప్లగిన్‌లనన్నిటిని ఊడదీసి, ఒక్కొక్కటి మరల పెట్టుచు పరీక్షించితిమి. నాలుగవది పెట్టగానే దోషము కనబడెను. అది పాత ప్రోగ్రామునకై చేసినది. మా క్రొత్త ప్రోగ్రామునకు సరిపడలేదు. దానిని తీసివేసి, ప్రోగ్రాములోనే యున్న సాధనమును వాడితిమి. పండితులవారు మాటలాడక పంఖా చప్పుడు మాత్రము వినవచ్చు రెండు సెకనుల భాగమును మొదట దానికి చూపవలెను. అది ఆ చప్పుడు లక్షణమును గుర్తించి, తక్కినచోట్ల దానిని తగ్గించును. ఈమాఱు పని నిరాటంకముగా ముగిసెను.

చోటు చాలకపోవుట, సరిపడని ప్లగిన్ అను రెండు కారణములు ఒకేమాఱు కలిసియుండుటచేతనే మేము భ్రమపడితిమి. రెండు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది మందో ఏది పథ్యమో తెలియదు. ఒక్కొక్క మార్పే చేసి, ఫలితమును కాగితముమీద వ్రాసికొనవలెను.

ఇతర కారణములును కలవు. రికార్డుచేయునప్పుడు గాని వినునప్పుడు గాని మాత్రమే ప్రోగ్రాము ఆగుచున్న, చెవికి తగిలించుకొను హెడ్‌ఫోనును, దాని డ్రైవరును అనుమానించి, వేఱొకదానితో పరీక్షింపవలెను. తెఱచిన వెంటనే ఆగుచున్న, ప్రోగ్రాము అమరికలు చెడియుండవచ్చును. వానిని తొలిస్థితికి తేవలెను. ఈ ప్రోగ్రామేగాక తక్కినవియు ఆగుచున్న, దోషము కంప్యూటరు మెమరీలో నుండవచ్చును, లేదా అది మిక్కిలి వేడెక్కుచుండవచ్చును. ఏమియు తోచనప్పుడు ప్రోగ్రాము చేసినవారికి వ్రాయుట మంచిది. “పనిచేయుటలేదు” అని వ్రాసిన వారికేమి తెలియును? ప్రోగ్రాము ఎన్నవ కూర్పు, కంప్యూటరు ఎట్టిది, ఆగుటకు ముందు ఏ మీట నొక్కితిమి, తెరమీద ఏ మాటలు కనబడెను, ఇవన్నియు వ్రాయవలెను.

చేసినవారును ఊరకుండరు. అందఱకును ఉచితముగా దొరకు ఆడాసిటీ యను ప్రోగ్రామునే చూడుడు. దానిని 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు ప్రారంభించిరి. 2000లో అది లోకమునకు వెలువడెను. మొదట అందులో ఒక్కొక్క పని అనేకములైన చిన్న ఫైళ్లుగా ఒక సంచిలో నిలుచుచుండెను. ఆ సంచి వేఱొకచోటికి పోయినయెడల ధ్వని దొరకకుండెడిది. 2021లో వెలువడిన 3.0 కూర్పునందు అన్నియు ఒకే ఫైలులో నుండునట్లు మార్చిరి.

వార్షికోత్సవమునాడు పండితులవారు ముందువరుసలో కూర్చుండి తమ గొంతు తామే వినిరి. సభ ముగిసినపిమ్మట మమ్ము చేసన్నతో పిలిచి, పలకవలె ఒడిలో నుంచుకొన్న కాగితముమీద నిట్లు వ్రాసిరి: “మూడవ పద్యము చివరి యక్షరము తెగినది. గణము చెడినది.” వెదకి చూడగా నిజమే. చప్పుడుతోపాటు ఆ యక్షరమును కొంత కోసివేసితిమి. విద్యార్థిని దాచిన మొదటి రికార్డునుండి ఆ యక్షరమును తెచ్చి అతికి, మఱునాడు వారి యింటికి పోయి వినిపించితిమి. వారు రెండుమాఱులు విని, తల యూచిరి.