దయ్యంతో దోస్తీనా?

ప్రశ్న: మా మనవరాలికి పద్నాలుగేళ్లు. నిరుడే అమ్మానాన్నలతో డాలస్ వెళ్లింది. బడిలో ఎవరూ మాట్లాడరట. గదిలో ఒక దయ్యం పిల్లతో దోస్తీ చేస్తున్నానంటోంది. తాయెత్తు పంపమంటారా?
– ఒక అమ్మమ్మ, అలంపూర్

జవాబు: పంపితే పంపండమ్మా, తప్పేం లేదు. కానీ దాంతో పని అయిపోయిందనుకోకండి. ముందు మీ మనవరాలు ఏం చదువుతోందో అడగండి, ఇలాంటి కథ పుస్తకంలోనూ ఉంది. మాస్కోలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన వెరా బ్రోస్గోల్ 2011లో ‘ఆన్యాస్ ఘోస్ట్’ అనే బొమ్మల నవల తెచ్చారు. రష్యా నుంచి వచ్చిన ఆన్యా బావిలో పడి, అక్కడి దయ్యంతో జత కడుతుంది. ఆ దయ్యం మొదట పరీక్షలో జవాబులు అందిస్తుంది. పోనుపోను పెత్తనం మొదలెడుతుంది. ఒంటరి పిల్లకు ఆ తోడు ఎంత తీపో అందులో చూడాలి.

ఆ తోడు మీరే ఇవ్వొచ్చు. మీ అలంపూర్ జోగులాంబ అమ్మవారి జటలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి కదా! అలాంటి కథలు రాత్రిపూట ఫోన్లో మీరే చెప్పండి.

ఆ దయ్యం పిల్ల ఊహేనని మీ మనవరాలికి తెలిస్తే కంగారు లేదు. దయ్యం గొంతు వినిపించి ఆజ్ఞలిస్తోందన్నా, నిద్రా తిండీ మానేసినా వెంటనే డాక్టరుకు చూపించమని మీ అమ్మాయికి చెప్పండి. చనిపోతానన్న మాట వస్తే అక్కడి సహాయ నంబరు 988కి ఫోన్ చేయాలి, ఏ వేళైనా పలుకుతారు.