రాస్‌ప్‌బెర్రీ పై కొంటున్నారా? మెమరీ కార్డు కూడా చూడండి



కోడింగ్ ప్రాజెక్టు కోసం మీ పిల్లలు రాస్‌ప్‌బెర్రీ పై అడుగుతున్నారా? అరచేతిలో ఇమిడే ఈ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ ఉండదు. సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, పిల్లలు చేసిన పని అంతా మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటుంది. ఎక్కువ ర్యామ్ ఉన్న బోర్డు కొన్నా, కార్డు నాసిరకమైతే అది నత్తనడకే నడుస్తుంది.

ప్యాకెట్‌పై పెద్ద అక్షరాల్లో కనిపించే వేగం వీడియోల వంటి పెద్ద ఫైళ్లకు సంబంధించినది. కంప్యూటర్ ఎక్కువగా చిన్న చిన్న ఫైళ్లతో పనిచేస్తుంది. అందుకు ‘ఏ1’ గుర్తు చూడండి. ఆ గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 1,500 సార్లు చదవగలగాలి, 500 సార్లు రాయగలగాలి.

2019లో వచ్చిన పై 4 కార్డు స్లాట్ సెకనుకు 50 మెగాబైట్లు దాటదు. అంతకన్నా వేగమైన కార్డుకు ఎక్కువ డబ్బు పెట్టినా ఆ వేగం అందదు. 2023 నాటి పై 5లో ఇది దాదాపు రెట్టింపు.

పై 4 నీలం రంగు యూఎస్‌బీ పోర్టుకు ఎస్ఎస్‌డీ పెడితే వేగం చాలా పెరుగుతుంది. కానీ ఖర్చూ, కరెంటు వాడకమూ పెరుగుతాయి. పాత ఫోన్ చార్జర్ సరిపోదు. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి.

నేర్చుకునే దశలో 32 జీబీ ఏ1 కార్డు చాలు. అయితే పని ముగిశాక షట్‌డౌన్ చేయకుండా ప్లగ్ తీస్తే కార్డులోని ఫైళ్లు పాడైపోవచ్చు. ప్రాజెక్టు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేయించండి.