మంచం పట్టిన ఇంట క్రిస్మస్

ఈ వారం కుటుంబ పాఠం
చదవవలసిన దేవుని వాక్యం: లూకా 1:39-66



ఆగమన కాలం రాగానే ఇంటింటా పనులు మొదలవుతాయి. గోడలకు సున్నాలు, పిల్లలకు కొత్త బట్టలు, అరిసెలకు బియ్యం నానబోయడం, వాకిట్లో నక్షత్రం, మూలన పశువుల పాక. అన్నీ అనుకున్నట్టు జరిగే ఇళ్ళు ఉన్నాయి. కాని ప్రతి విచారణలోనూ, ప్రతి ఏడూ, ఎవరో ఒకరు మంచం పట్టిన ఇల్లు కూడా ఉంటుంది. ఆ ఇంటివారు "ఈ ఏడు మాకు పండుగ లేదండీ" అంటారు. ఈ వారం పాఠం వారి కోసం.

1. మా ఇంట జరిగినది

కొన్నేళ్ళ క్రితం డిసెంబరు మొదటి వారంలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది, మాకు అర్థమయ్యేది కాదు. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకువచ్చాం. ఒంటికి పుండ్లు పడకుండా రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నారు. రాత్రిళ్ళు ఆ పని ఎక్కువగా నా భార్యే చేసేది.

అయినా పండుగకు ఏ లోటూ రాకూడదని నేను పట్టుబట్టాను. బంధువులు ఏమనుకుంటారోనని నా బాధ. ఒకనాడు ఆమె అరిసెల పాకం పొయ్యి మీద పెట్టింది. లోపల నాన్నగారికి నీళ్ళు పొలమారాయి. ఆమె పరుగెత్తి ఆయనను లేపి కూర్చోబెట్టి వచ్చేసరికి పాకం ముదిరిపోయింది. అరిసెలు కొరకబోతే పళ్ళు ఊడేలా వచ్చాయి. ఆ సాయంత్రమే నక్షత్రంలో బల్బు మాడిపోయింది. బల్బు మార్చబోతూ నేను నిచ్చెన తగిలించి, పాకలోని మట్టి జోజప్ప బొమ్మ కుడి చెయ్యి విరగ్గొట్టాను. విరగ్గొట్టింది నేనే అయినా, కోపం మాత్రం నా భార్య మీద చూపించాను. "పండుగ పూట ఒక్క పనీ సవ్యంగా కాలేదు" అని అరిచాను. ఆమె ఏమీ అనలేదు. దుప్పటి తీసుకుని నాన్నగారి పక్క మార్చడానికి వెళ్ళింది.

కాసేపటికి నాన్నగారు మా చిన్నవాణ్ణి సైగ చేసి పిలిచి, వాడి పలక అడిగారు. ఎడమ చేత్తో వంకరటింకరగా ఏదో రాశారు. వాడు అక్షరాలు కూడబలుక్కుంటూ పైకే చదివాడు: "నన్ను చెల్లి ఇంటికి పంపు. మీ పండుగ పాడు చేస్తున్నాను."

నా అరుపు ఆయనకు వినిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి సువార్త తెరిస్తే, పలక అడిగిన ఇంకో పెద్దాయన కనిపించాడు.

2. జెకర్యా ఇల్లు

మొదటి క్రిస్మస్‌కు ముందు మరియతల్లి ఎక్కడ ఉన్నది? దేవదూత వర్తమానం విన్న వెంటనే ఆమె త్వరగా యూదయా కొండసీమకు బయలుదేరింది. అక్కడ జెకర్యా, ఎలిశబెతమ్మల ఇంట సుమారు మూడు నెలలు ఉన్నది. ఎలిశబెతమ్మ వయసు మళ్ళిన తరువాత గర్భం ధరించి ఆరు నెలలు గడిచాయి. జెకర్యా మాట పోయి మూగవాడై ఉన్నాడు. బిడ్డకు పేరు పెట్టే రోజున ఆయన పలక అడిగి దాని మీదే పేరు రాయవలసి వచ్చింది.

ఆ మూడు నెలల్లో మరియమ్మ ఏయే పనులు చేసిందో లూకా రాయలేదు. కాని నెలలు నిండుతున్న వృద్ధురాలు, మాట లేని వృద్ధుడు ఉన్న ఇంట ఎలాంటి పనులుంటాయో మన ఇల్లాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. రక్షకుణ్ణి గర్భంలో మోస్తూ మరియమ్మ గడిపిన మొదటి ఆగమన కాలం ఇదే. కష్టంలో ఉన్న ఇల్లు ఆమె ప్రభువు కోసం సిద్ధపడడానికి అడ్డు రాలేదు. ఆమె సిద్ధపడింది ఆ ఇంట్లోనే.

ఒక మాట జాగ్రత్తగా గ్రహించాలి. జెకర్యా మూగతనం ఆయన నమ్మనందుకు దేవదూత ఇచ్చిన గుర్తు. దానిని పట్టుకుని మన ఇంటి రోగిని "ఏ పాపం చేశావో" అనకూడదు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అలాంటి ప్రశ్నే అడిగితే ప్రభువు ఆ ఆలోచనను త్రోసిపుచ్చారు (యోహాను 9:1-3).

3. ఏది ఉంచాలి? ఏది వదలాలి?

రోగి ఉన్న ఇంట అన్ని పనులూ జరగవు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని, పండుగకు ముందే నిర్ణయించుకోవాలి.

వదలదగినవి: పది రకాల పిండివంటలు, ఇల్లంతా సున్నం, అందరినీ భోజనానికి పిలవడం. మింగడం కష్టమైన రోగికి "పండుగ కదా" అని అరిసెలూ కేకులూ నోట పెట్టకండి. ఏమి పెట్టవచ్చో వైద్యుణ్ణి అడగండి. జలుబూ దగ్గూ ఉన్న చుట్టాలను కొద్ది రోజులు ఆగి రమ్మని మర్యాదగా చెప్పండి.

వదలకూడనివి: పాపసంకీర్తనం, సాయంకాల కుటుంబ ప్రార్థన, దివ్యపూజ. రోగి మంచం దగ్గరే జపమాల చెప్పుకోండి. పశువుల పాకను ఆయనకు కనబడే చోట పెట్టండి.

"రోగిని విడిచి పూజకు ఎలా వెళ్ళగలం?" అని అడుగుతారు. రోగం, పసిబిడ్డల సంరక్షణ వంటి తగిన కారణం ఉన్నవారికి పూజకు వెళ్ళే నియమం నుండి మినహాయింపు ఉందని కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2181) చెబుతున్నది. అయితే క్రిస్మస్‌కు రాత్రి పూజ, వేకువ పూజ, పగటి పూజ వేర్వేరుగా ఉన్నాయి. మీ విచారణలో ఏయే వేళల్లో జరుగుతాయో తెలుసుకుని, భార్యాభర్తలు వంతులు వేసుకోండి. ఎప్పుడూ ఒక్కరే ఇంట మిగిలిపోకూడదు.

విచారణ గురువులకు ముందే కబురు పెడితే రోగికి దివ్యసత్ప్రసాదం ఇంటికే తెస్తారు. మింగడం కష్టమైతే చెప్పండి, చిన్న ముక్క ఇస్తారు. దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం మనకు నియమం. కాని వృద్ధులకూ, రోగులకూ, వారికి సేవ చేసేవారికీ ఆ నియమం నుండి 1983 శ్రీసభ చట్టం (919వ సూత్రం) సడలింపు ఇచ్చింది. రాత్రంతా మేలుకున్న కోడలిని కూడా శ్రీసభ గుర్తుపెట్టుకున్నదని దీని అర్థం.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటే మనవారు ఇంకా భయపడతారు. ఫాదరుగారిని పిలిస్తే ప్రాణం పోతుందని అనుకుంటారు. ఇది చావు ఘడియలో ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే తెలిపింది. 1972లో ఆరవ పౌలు పోపుగారు ఈ సంస్కార క్రమాన్ని నవీకరించారు. జబ్బు ముదిరితే మళ్ళీ కూడా పొందవచ్చు. యాకోబు లేఖ 5:14-15 చదవండి.

4. ఆ ఏటి పండుగ

మర్నాడు ఉదయం నేను నాన్నగారి మంచం దగ్గర కూర్చుని, "మీరు ఎక్కడికీ వెళ్ళడం లేదు నాన్నగారూ. తప్పు నాది" అన్నాను. తరువాత వంటింట్లోకి వెళ్ళి నా భార్యకు కూడా ఆ మాటే చెప్పాను. రెండోచోట చెప్పడమే కష్టమయింది.

ఆ రాత్రి పూజకు ఆమె పిల్లలతో వెళ్ళింది. నేను నాన్నగారి పక్క మారుస్తూ ఇంట ఉన్నాను. ఆమె రోజూ చేసే పని ఎంత బరువో అప్పుడు తెలిసింది. పొద్దుటి పూజకు నేను వెళ్ళాను. పూజల తరువాత ఫాదరుగారు మా ఇంటికి వచ్చి నాన్నగారికి దివ్యసత్ప్రసాదం ఇచ్చారు. పిండివంట లేదు, పాలు పోసి వండిన మెత్తని పాయసం ఒక్కటే. డాక్టరుగారిని అడిగి ఆయనకు నాలుగు చెంచాలు తినిపించాం.

జోజప్ప బొమ్మ మార్చలేదు. "తాతయ్యలాగే జోజప్పకీ కుడి చెయ్యి లేదు, ఇక్కడే ఉండనీ" అని చిన్నవాడు దాన్ని బాలయేసు పక్కనే నిలబెట్టాడు. నాన్నగారు అది చూసి నవ్వారు.

పండుగ తరువాత కూడా రోగిని మరువకండి. ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ఏర్పరచారు. అది మన గుణదల మాత తిరునాళ్ళ రోజు కూడా. తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళండి. లేకుంటే ఆ రోజు మంచం దగ్గరే మరియతల్లిని వేడుకోండి.

ఇంట్లో మాట్లాడుకోండి

1. ఈ పండుగకు మన ఇంట ఎవరి మీద ఎక్కువ బరువు పడుతున్నది? అందులో ఏ పని నేను తీసుకోగలను?
2. మన రోగి తాను ఇంటికి భారమని అనుకునేలా ఏదైనా మాట అన్నామా?
3. మన వీధిలో మంచం పట్టినవారున్న ఇంటికి ఒక పూట భోజనం పంపగలమా? రాత్రి పూజ వేళ ఒక గంట కాపలా ఉండగలమా?

ప్రార్థన: ప్రభువా, మీ తల్లి మా ఇంటికీ త్వరగా రావాలి. మంచంలో ఉన్నవారికి ఓర్పును, సేవ చేసేవారికి బలాన్ని, మా నోటికి మంచి మాటను దయచేయండి. ఆమెన్.