రంగులు రెండు, ప్లాన్ ఒక్కటే: మ్యాజిక్ అరీనాలో రెడ్-వైట్ అగ్రో డెక్‌కి కార్డులు ఎలా ఎంచుకోవాలి?

మ్యాజిక్ అరీనాలో క్రాఫ్ట్ బటన్‌కి అన్‌డూ లేదు. వైల్డ్‌కార్డ్ ఖర్చుపెట్టి ఒక కార్డ్ తీసుకున్నామంటే అది ఇక మనతోనే ఉంటుంది. నచ్చలేదని వెనక్కిచ్చి ఇంకోటి తీసుకునే దారి లేదు. జేబులోంచి రూపాయి పెట్టకుండా ఫోన్‌లో ఆడే స్టూడెంట్‌కి రేర్ వైల్డ్‌కార్డ్ అంటే చాలా రోజుల ఆట. అందుకే "ఏ కార్డ్ బాగుంటుంది?" కన్నా "నా డెక్‌లో ఈ కార్డ్ ఏం పని చేస్తుంది?" అన్న ప్రశ్నే ముందు వేసుకోవాలి.

ఈ ఆర్టికల్‌లో రెడ్-వైట్ అగ్రెసివ్ డెక్‌ని ఉదాహరణగా తీసుకుని, ఒక్కో కార్డ్‌ని ఎలా పరీక్షించాలో చూద్దాం. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి కాస్త లెక్కలు తప్పవు. భయపడకండి, ఇంటర్‌లో చదివిన ప్రాబబిలిటీ చాలు.

ముందు బేసిక్స్

మ్యాజిక్: ద గ్యాదరింగ్‌ని రిచర్డ్ గార్ఫీల్డ్ డిజైన్ చేశాడు. విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1993లో విడుదల చేసింది. దాని డిజిటల్ రూపమైన అరీనా 2021 మార్చిలో ఆండ్రాయిడ్, ఐఫోన్లకి పూర్తిగా వచ్చింది.

ఒక్కో ఆటగాడికి 20 లైఫ్. డెక్‌లో కనీసం 60 కార్డులు. బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డైనా నాలుగు కాపీలకి మించకూడదు. మొదట చేతిలోకి 7 కార్డులు వస్తాయి. టర్న్‌కి ఒక ల్యాండ్ మాత్రమే వేయొచ్చు. ఆ ల్యాండ్లు ఇచ్చే మనాతోనే మిగతా కార్డులు ఆడాలి. మనాకి రంగు ఉంటుంది: రెడ్ కార్డ్‌కి రెడ్ మనా, వైట్ కార్డ్‌కి వైట్ మనా. రెడ్-వైట్ జోడీని ఆటగాళ్లు బోరోస్ అంటారు. ఈ గేమ్‌లోని రావ్నికా అనే ప్రపంచంలో ఆ రెండు రంగుల గిల్డ్ పేరు అది.

అగ్రో అంటే ఎదుటివాడు సర్దుకునేలోపే ఆట ముగించడం. మన టార్గెట్ నాలుగో టర్న్, మహా అయితే ఐదో టర్న్.

20ని కార్డులతో భాగిద్దాం

మనమే ముందు ఆడుతున్నాం అనుకుందాం. మొదటి టర్న్‌లో కార్డ్ తీయం. కాబట్టి నాలుగో టర్న్‌కి మనం చూసేవి 7 + 3 = 10 కార్డులు. డెక్‌లో 20 ల్యాండ్లు పెడితే ఆ పదిలో సగటున 3.3 ల్యాండ్లే. మిగిలిన 6.7 కార్డులే మన ఆయుధాలు.

20 లైఫ్‌ని 6.7తో భాగిస్తే 3 వస్తుంది. అంటే ల్యాండ్ కాని ప్రతి కార్డ్ నాలుగో టర్న్ లోపు సగటున 3 డ్యామేజ్ మోయాలి. దీన్ని నేను "మూడు డ్యామేజ్ టెస్ట్" అంటాను.

లైట్నింగ్ స్ట్రైక్ రెండు మనాకి సరిగ్గా 3 కొడుతుంది, పాస్. బోరోస్ చార్మ్ రెండు మనాకి ఎదుటి ఆటగాడికి 4 కొడుతుంది, డిస్టింక్షన్. మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్ పవర్ 1 మాత్రమే. కానీ దానికి హేస్ట్ ఉంది, అంటే వచ్చిన టర్న్‌లోనే అటాక్ చేస్తుంది. మొదటి టర్న్‌లో వేస్తే నాలుగో టర్న్‌కి నాలుగు అటాక్‌లు. పైగా దానికి ప్రావెస్ ఉంది. మనం క్రీచర్ కాని స్పెల్ ఆడిన ప్రతిసారీ ఆ టర్న్‌కి అది +1/+1 అవుతుంది. బ్లాకర్ అడ్డు రానంతవరకు ఇది టెస్ట్ సులువుగా దాటుతుంది.

అయితే ఇదే స్విఫ్ట్‌స్పియర్ నాలుగో టర్న్‌లో చేతికొస్తే ఒకటో రెండో కొట్టి ఆగిపోతుంది. అందుకే ఒక మనా క్రీచర్లు మొదటి చేతిలోనే ఉండాలి. ఆ అవకాశం ఎంతో చూడండి: డెక్‌లో అలాంటివి 4 ఉంటే 40 శాతం, 8 ఉంటే 65 శాతం, 12 ఉంటే 81 శాతం. నాలుగు స్విఫ్ట్‌స్పియర్లు పెట్టేసి "నాది అగ్రో డెక్" అనుకుంటే కుదరదన్నమాట. ఆ స్లాట్‌కి సోల్-స్కార్ మేజ్ లాంటి తోడు కావాలి. అదీ ఒక మనాకి వచ్చే ప్రావెస్ క్రీచరే.

మనా బడ్జెట్

డ్యామేజ్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఖర్చూ చూడాలి. 3.3 ల్యాండ్లతో నాలుగు టర్న్‌లలో మనకి దొరికే మనా సుమారు 1 + 2 + 3 + 3 = 9. ఆ తొమ్మిదితో 6.7 కార్డులు ఆడాలి. అంటే కార్డ్‌కి సగటున 1.35 మనా. అగ్రో డెక్‌లలో ఖరీదైన కార్డులు ఎందుకు కనిపించవో ఇప్పుడు అర్థమవుతుంది. చేతిలో కార్డులు మిగిలి ఉండగా ఓడిపోవడం అంటే జీతం ఖర్చుపెట్టకుండానే నెల అయిపోయినట్టు.

ఈ బడ్జెట్‌కి సరిపోయే స్కెలిటన్ ఇది:

ఒక మనా క్రీచర్లు 12
రెండు మనా క్రీచర్లు 4
ఒక మనా స్పెల్స్ 12
రెండు మనా బర్న్ స్పెల్స్ 12
ల్యాండ్లు 20

మొత్తం 60. ల్యాండ్లు కాని 40 కార్డుల సగటు ఖర్చు 1.4 మనా. బర్న్ అంటే నేరుగా డ్యామేజ్ కొట్టే స్పెల్స్. ఇందులో క్రీచర్లు 16, స్పెల్స్ 24. మన ప్లాన్ కూడా ఇక్కడే తేలిపోయింది: ప్రావెస్ క్రీచర్లు ముందు దిగుతాయి, స్పెల్స్ వాటిని పెంచుతూ మిగతా డ్యామేజ్ పూర్తిచేస్తాయి.

రెండో రంగు ఖరీదు ఎంత?

ఇంతవరకు చెప్పిందంతా ఒక్క రెడ్‌తోనూ చేయొచ్చు. మరి వైట్ ఎందుకు? రెడ్‌లో రెండు మనాకి 3 డ్యామేజ్ దొరుకుతుంది. వైట్ కలిస్తే అదే ఖర్చుకి బోరోస్ చార్మ్ 4 కొడుతుంది. లైట్నింగ్ హెలిక్స్ 3 కొట్టి మనకి 3 లైఫ్ ఇస్తుంది. ఎదుటివాడిది కూడా అగ్రో అయితే ఆ మూడు లైఫ్ చాలాసార్లు ఒక టర్న్‌కి సమానం.

లాభం ఇంతే. ఇప్పుడు ఖర్చు చూద్దాం. ముందు ఆడుతూ, మొదటి చేతిని మార్చకుండా, రెండో టర్న్‌లో బోరోస్ చార్మ్ ఆడగలిగే అవకాశం ఎంత? దానికి ఒక రెడ్, ఒక వైట్ కావాలి. పైథాన్‌లో పది లైన్ల స్క్రిప్ట్ రాసి లెక్కేశాను. అన్ని కేసుల్లోనూ 20 ల్యాండ్లే.

ఒకే రంగు డెక్‌లో రెండు మనా కార్డ్ ఆడగలగడం: 82 శాతం. ఇది పోలిక కోసం.
12 డ్యుయల్ ల్యాండ్లు, 7 మౌంటెన్లు, 1 ప్లెయిన్స్: 78 శాతం.
8 డ్యుయల్ ల్యాండ్లు, 10 మౌంటెన్లు, 2 ప్లెయిన్స్: 72 శాతం.
10 మౌంటెన్లు, 10 ప్లెయిన్స్: 61 శాతం.

డ్యుయల్ అంటే రెండు రంగుల్లో ఏదైనా ఇవ్వగల ల్యాండ్. మంచి ల్యాండ్లు ఉంటే రెండో రంగుకి మనం కట్టే మూల్యం నాలుగు శాతమే. బేసిక్ ల్యాండ్లతో సగం సగం కడితే అదే మూల్యం ఇరవై ఒక్క శాతం. కార్డులన్నీ అవే, ఆడేవాడూ అతనే. ఐదు గేముల్లో ఒకటి ల్యాండ్ల దగ్గరే తడబడుతుంది.

మొదటి చేతిలో రెడ్ ల్యాండ్ ఉండే అవకాశం కూడా అంతే. 10 మౌంటెన్లే ఉంటే 74 శాతం. పై పన్నెండు డ్యుయల్స్ లిస్ట్‌లో రెడ్ ఇచ్చేవి 19 కాబట్టి 94 శాతం. ఒక మనా క్రీచర్లు అన్నీ రెడ్‌వే పెట్టమనేది అందుకే. రెండు రంగులు అన్నంత మాత్రాన చెరిసగం పంచనక్కర్లేదు. ఒకటి హీరో, రెండోది సైడ్ క్యారెక్టర్.

చిన్న గమనిక: అరీనాలో బెస్ట్ ఆఫ్ వన్ ఆడితే మొదటి చేతిలో ల్యాండ్ల సంఖ్య మరీ తేడాగా రాకుండా గేమ్ కాస్త సర్దుతుంది. కానీ అది సంఖ్యని చూస్తుంది, రంగుని కాదు. రంగుల బాధ్యత మనదే.

ఏ డ్యుయల్ ల్యాండ్లు?

అగ్రోకి ట్యాప్ అయి వచ్చే ల్యాండ్ విషంతో సమానం. ఆ టర్న్‌కి దాని మనా వాడుకోలేం.

ఇన్‌స్పైరింగ్ వాంటేజ్: మన దగ్గర వేరే ల్యాండ్లు రెండు లేదా అంతకన్నా తక్కువ ఉంటే ట్యాప్ కాకుండా వస్తుంది. అంటే మొదటి మూడు టర్న్‌లలో ఎలాంటి ఇబ్బందీ లేదు. అగ్రో కోసమే చేసినట్టు ఉంటుంది. ఇది మొదట 2016లో, భారతదేశం స్ఫూర్తితో రూపొందించిన కాలాదేశ్ ప్రపంచంతో వచ్చింది. ఆ ప్రపంచం పేరు 2025లో అవిష్కార్‌గా మారింది.

సేక్రెడ్ ఫౌండ్రీ: 2 లైఫ్ కడితే ట్యాప్ కాకుండా వస్తుంది.

బ్యాటిల్‌ఫీల్డ్ ఫోర్జ్: ఎప్పుడూ ట్యాప్ కాకుండానే వస్తుంది. రంగు మనా తీసిన ప్రతిసారీ 1 డ్యామేజ్ మనకే.

ఈ మూడూ రేర్ కార్డులే. నాలుగేసి చొప్పున మొత్తం 12 రేర్ వైల్డ్‌కార్డులు. విండ్-స్కార్డ్ క్రాగ్ కామన్ కాబట్టి చవక, 1 లైఫ్ కూడా ఇస్తుంది. కానీ ట్యాప్ అయి వస్తుంది. పైన 72 శాతం చెప్పిన లిస్ట్‌లో నాలుగు వాంటేజ్, నాలుగు క్రాగ్ పెట్టుకుంటే ఆ ఆలస్యం వల్ల నిజంగా దక్కేది ఇంకాస్త తక్కువే అనుకోండి.

మంచి కార్డే, కానీ మన డెక్‌కి కాదు

అసలు పరీక్ష ఇక్కడే. రెండు రంగులు కలిపేసరికి ఊరించే కార్డులు చాలా కనిపిస్తాయి. మూడు ఉదాహరణలు చూద్దాం.

థాలియా, గార్డియన్ ఆఫ్ త్రాబెన్: రెండు మనాకి 2/1, ఫస్ట్ స్ట్రైక్. మూడు డ్యామేజ్ టెస్ట్ కూడా దాటుతుంది. కానీ క్రీచర్ కాని స్పెల్స్ అన్నిటికీ ఒక మనా అదనం చేస్తుంది, మనవాటికి కూడా. మన డెక్‌లో అవి 24. సగటు ఖర్చు 1.4 నుంచి 2.0కి ఎగబాకుతుంది. తొమ్మిది మనాతో ఆరున్నర కార్డులు ఆడేవాళ్లం నాలుగున్నరకి పడిపోతాం. ఎదుటివాడికి వేయాల్సిన బ్రేక్ మన బండికే వేసుకున్నట్టు. క్రీచర్లతోనే నిండిన డెక్‌లో మాత్రం ఇదే థాలియా బ్రహ్మాస్త్రం.

అడెలైన్, రెస్‌ప్లెండెంట్ కాథర్: మూడు మనా, అందులో రెండు వైట్. అద్భుతమైన కార్డే. కానీ మన లిస్ట్‌లో వైట్ ఇచ్చే ల్యాండ్లు 13. మూడో టర్న్‌కి వాటిలో రెండు వచ్చే అవకాశం 63 శాతం. వైట్ ప్రధాన రంగు అయితేనే దీని జోలికి వెళ్లాలి.

హీరోయిక్ రీఇన్‌ఫోర్స్‌మెంట్స్: నాలుగు మనాకి రెండు 1/1 సోల్జర్లని ఇస్తుంది. ఆ టర్న్‌కి మన క్రీచర్లన్నిటికీ +1/+1, హేస్ట్ కూడా. బోర్డ్ మీద రెండు క్రీచర్లు ఉంటే ఈ ఒక్క కార్డే 6 డ్యామేజ్ కలుపుతుంది. కానీ 20 ల్యాండ్ల డెక్‌లో నాలుగో టర్న్‌కి నాలుగు ల్యాండ్లు ఉండే అవకాశం 44 శాతమే. ల్యాండ్లు పెంచి, క్రీచర్లు నింపిన డెక్‌లోనే దీనికి చోటు.

గమనించారా? ఈ మూడూ ఇంకో ప్లాన్‌వి. క్రీచర్ల దండుతో మీద పడే ప్లాన్ అది. అదీ మంచిదే. కానీ సగం ఇది, సగం అది కలిపితే స్విఫ్ట్‌స్పియర్‌కి స్పెల్స్ చాలవు, రీఇన్‌ఫోర్స్‌మెంట్స్‌కి క్రీచర్లు చాలవు. రంగులు రెండున్నా పర్లేదు, ప్లాన్లు రెండుంటేనే డెక్ రెండింటికీ చెడుతుంది.

వైల్డ్‌కార్డులు ఏ వరసలో వాడాలి?

నా సలహా ఇది. ముందు ఒక్క రెడ్‌తోనే మొదలుపెట్టండి. బర్న్ స్పెల్స్ చాలావరకు కామన్, అన్‌కామన్ స్థాయిలోనే దొరుకుతాయి. రేర్ వైల్డ్‌కార్డులు పోగయ్యాక మొదట నాలుగు ఇన్‌స్పైరింగ్ వాంటేజ్, తర్వాత సేక్రెడ్ ఫౌండ్రీ, ఆ తర్వాత బ్యాటిల్‌ఫీల్డ్ ఫోర్జ్. కనీసం ఎనిమిది మంచి డ్యుయల్స్ చేతికొచ్చేదాకా చార్మ్, హెలిక్స్ కోసం తొందరపడొద్దు. క్రీచర్ పాతబడితే దాని మీద పెట్టిన వైల్డ్‌కార్డ్ కూడా దాంతోనే పోతుంది. ల్యాండ్ అలా కాదు, రేపు కట్టబోయే ఏ రెడ్-వైట్ డెక్‌లోనైనా పనికొస్తుంది.

నేను చెప్పిన కార్డులు పయనీర్ ఫార్మాట్‌లో చెల్లేవి. మీరు స్టాండర్డ్ ఆడుతుంటే అక్కడ ఎప్పటికప్పుడు పాత సెట్లు వెళ్లిపోతుంటాయి. కాబట్టి క్రాఫ్ట్ నొక్కేముందు డెక్ బిల్డర్‌లో సెర్చ్ చేసి, మీ ఫార్మాట్‌లో ఆ కార్డ్ చెల్లుతుందో లేదో చూసుకోండి. పేర్లు మారినా పరీక్షలు మారవు: నాలుగో టర్న్ లోపు 3 డ్యామేజ్ మోస్తుందా? మనా బడ్జెట్‌లో ఇముడుతుందా? దాని రంగుని మన ల్యాండ్లు సమయానికి ఇస్తాయా? మిగతా 59 కార్డులతో కలిసి నడుస్తుందా?

నాలుగింటికీ అవును అంటేనే క్రాఫ్ట్ నొక్కండి. ఒక్కటి కాదన్నా వైల్డ్‌కార్డ్‌ని అలాగే ఉంచుకోండి, అది ఎక్కడికీ పోదు.